మీ సైట్ మెనూలో సరైన ట్యాబ్ వెలిగేలా చేయడం ఎలా?

వనస్థలిపురంలో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్మే ఒక అమ్మగారికి పోయిన ఎండాకాలం వెబ్‌సైట్ చేసిచ్చాను. ఆవకాయ రోజులు, ఆర్డర్లు జోరుగా ఉన్నాయి. ఒకరోజు పొద్దున్నే ఆవిడ ఫోన్ చేశారు. "బాబూ, నేను గోంగూర పచ్చడి పేజీలో ఉన్నా. పైన మాత్రం హోమ్ కిందే ఎర్ర గీత ఉంది. మా వదినకీ అంతేనట. ఇంకా మొదటి పేజీలోనే ఉన్నాననుకుని, గోంగూర ఎక్కడుందో అని కిందకీ పైకీ వెతికి వెతికి ఫోన్ పక్కన పెట్టేసిందట."

గోంగూర ఆ వదినగారి కళ్ల ముందే ఉంది. పైనున్న గీత మాత్రం "నువ్వు ఇంకా గుమ్మంలోనే ఉన్నావు" అని చెబుతోంది. ఆవిడ గీతనే నమ్మింది. తప్పు ఆవిడది కాదు, గీత ఉన్నదే నమ్మడానికి.

మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 27 స్టేషన్లు. లోపల వినిపించే అనౌన్స్‌మెంట్ ఒక్క స్టేషన్ వెనకబడిందనుకోండి, ఖైరతాబాద్‌లో దిగాల్సిన మనిషి లక్డీకాపూల్‌లో తేలతాడు. అసలు అనౌన్స్‌మెంటే లేకపోతే కిటికీలోంచి బోర్డు చూసుకుని దిగేవాడు. మెనూలో తప్పు ట్యాబ్ వెలగడం కూడా అలాంటిదే. ఏదీ వెలగకపోయినా జనం ఎలాగో దారి వెతుక్కుంటారు, తప్పుది వెలిగితే తప్పుదారి పడతారు.

ఆ రోజు నుంచి ఏ సైట్ చేసినా ఈ ఒక్క పనికి ఒక పూట కేటాయిస్తున్నాను. నేను చేసే పద్ధతి వరసగా చెబుతాను. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ వచ్చి, జావాస్క్రిప్ట్ కాస్త తెలిస్తే చాలు. ఉదాహరణకి ఆ పచ్చళ్ల సైటే తీసుకుందాం. మెనూలో ఆరు ట్యాబులు: హోమ్, పచ్చళ్లు, పొడులు, గిఫ్ట్ ప్యాక్, మా గురించి, ఫోన్ చేయండి. అడ్రసులు కూడా తెలుగులోనే పెట్టాం: /పచ్చళ్లు, /పచ్చళ్లు/గోంగూర, /పొడులు/కంది-పొడి, ఇలా.

మొదట కాగితం మీద రాసుకోండి

కోడ్ జోలికి వెళ్లేముందు సైట్లో ఉన్న పేజీలన్నీ ఒక వరసలో రాయండి. ఒక్కోదాని ఎదురుగా, ఆ పేజీ తెరిచినప్పుడు ఏ ట్యాబ్ వెలగాలో రాయండి. గోంగూర పేజీకి పచ్చళ్లు. కంది పొడికి పొడులు. ఇవి తేలిక. చిక్కంతా మిగతా వాటితోనే వస్తుంది.

మా సైట్లో "పచ్చళ్లు పొడులు కాంబో" అని ఒక పేజీ ఉంది. అది పచ్చళ్లలోకి వస్తుందా, పొడుల్లోకి వస్తుందా? అమ్మగారిని అడిగితే "రెండూ కాదు బాబూ, అది ఊళ్లకి పంపడానికి కొంటారు, గిఫ్ట్ ప్యాక్‌లో పెట్టు" అన్నారు. ఆ నిర్ణయం వ్యాపారం చేసేవాళ్లదే, మనం ఊహించుకుని రాయకూడదు. ఒక పేజీకి ఒకే ట్యాబ్. రెండు ట్యాబులు వెలిగితే చూసేవాళ్లకి ఏదీ వెలగనట్టే.

కార్ట్, వెతుకు ఫలితాలు, "ఈ పేజీ లేదు" అనే పేజీ వీటిలో ఏ ట్యాబుకీ చెందవు. వాటి ఎదురుగా "ఏదీ వద్దు" అని రాయండి. ఎక్కువ మంది ఇక్కడ హోమ్‌ని వెలిగించి వదిలేస్తారు. దయచేసి అలా చేయకండి. ఎక్కడా లేని పేజీకి హోమ్ అని చెప్పడం అబద్ధం చెప్పడమే.

ఎక్కడున్నామో క్లిక్ చెప్పదు, అడ్రస్ చెబుతుంది

నేను చేసిన తప్పు ఇక్కడే జరిగింది. ప్రతి పేజీకీ పైభాగం తెచ్చే హెడర్ ఫైల్లో హోమ్‌కి 'యాక్టివ్' అనే క్లాస్ రాసిపెట్టాను. ఎవరైనా వేరే ట్యాబ్ నొక్కితే, ఆ క్లాస్‌ని హోమ్ నుంచి తీసి నొక్కినదానికి పెట్టమని ఒక చిన్న స్క్రిప్ట్ రాశాను. నొక్కగానే గీత కదిలేది. కానీ నొక్కిన మరుక్షణం కొత్త పేజీ లోడ్ అవుతుంది, హెడర్ మళ్లీ మొదటి నుంచి వస్తుంది, హోమ్ మళ్లీ వెలుగుతుంది. నా కంప్యూటర్లో చూసినప్పుడు గీత కదలడం చూసి పని అయిపోయిందనుకున్నాను.

క్లిక్‌ని పట్టుకుని వేలాడితే ఇంకా చాలా చోట్ల దెబ్బ తింటాం. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింక్ నొక్కి నేరుగా గోంగూర పేజీకి వచ్చినవాళ్లు మన మెనూ ముట్టుకోనేలేదు. గూగుల్ నుంచి వచ్చినవాళ్లూ అంతే. పేజీ మధ్యలో ఉన్న "మా పొడులు కూడా చూడండి" అనే లింక్ నొక్కితే అది మెనూ క్లిక్ కాదు.

బ్యాక్ బటన్ సంగతి కాస్త లోతుగా చూడాలి. ఇప్పటి బ్రౌజర్లు మనం వదిలి వెళ్లిన పేజీని ఉన్నది ఉన్నట్టు మెమరీలో దాచుకుంటాయి. పచ్చళ్ల పేజీలో ఉండి పొడులు నొక్కారు, మీ స్క్రిప్ట్ వెంటనే గీతని పొడుల కిందకి జరిపింది, ఆ తర్వాత కొత్త పేజీ వచ్చింది. ఇప్పుడు బ్యాక్ నొక్కితే పచ్చళ్ల పేజీ తిరిగి వస్తుంది, కానీ గీత పొడుల కిందే ఉంటుంది. ఎందుకంటే ఆ పేజీని దాచినప్పుడు అది అక్కడే ఉంది. అప్పుడప్పుడూ మాత్రమే కనిపించి టెన్షన్ పెట్టే తప్పు ఇది. నొక్కినప్పుడు గీత జరపడం మానేస్తే ఈ తప్పుకి చోటే ఉండదు.

అందుకని నియమం ఒకటే: పేజీ వచ్చిన ప్రతిసారీ అడ్రస్ చూసి, ఏ ట్యాబ్ వెలగాలో అప్పుడే తేల్చాలి. ఆ తేల్చే పని సైట్ మొత్తంలో ఒకే ఒక్క చోట జరగాలి.

వీలైతే ఇది సర్వర్లోనే చేయండి. పీహెచ్‌పీ అయినా, పైథాన్ అయినా, ముందే పేజీలు తయారుచేసి పెట్టే పద్ధతైనా, హెచ్‌టీఎంఎల్ బయటికి వచ్చేటప్పటికే సరైన ట్యాబ్‌కి గుర్తు ఉంటుంది. జావాస్క్రిప్ట్ రాకముందే వెలుగుతుంది, సిగ్నల్ బలహీనంగా ఉన్నా వెలుగుతుంది. కుదరకపోతే జావాస్క్రిప్ట్‌తో చేయండి, కానీ ఆ చిన్న స్క్రిప్ట్‌ని మెనూ అయిపోయిన వెంటనే పెట్టండి. పేజీ అడుగున పెడితే ముందు ఏదీ వెలగకుండా కనబడి, ఆ తర్వాత ఒక్కసారిగా వెలుగుతుంది. ఆ మినుకు కంటికి చిరాకు.

పోల్చేముందు రెండు అడ్రసుల్నీ కడగండి

అడ్రస్ చూసి తేల్చమన్నాను కదా, అక్కడ తెలుగు సైట్లకి మాత్రమే వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి. అందుకే ఈ భాగం కాస్త నెమ్మదిగా చదవండి.

బ్రౌజర్ పైన /పచ్చళ్లు/ఆవకాయ అని చక్కగా తెలుగులో కనిపిస్తుంది. కానీ జావాస్క్రిప్ట్‌లో 'లొకేషన్ డాట్ పాత్‌నేమ్' అని అడిగితే తెలుగు రాదు, పర్సెంట్ గుర్తులతో నిండిన పొడవాటి తోక వస్తుంది. ఆవకాయ అనే మాట కంప్యూటర్ లెక్కలో ఐదు గుర్తులు: ఆ, వ, క, దీర్ఘం, య. గుర్తుల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇలాంటి ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. ఒక్కో బైటూ అడ్రసులో పర్సెంట్ గుర్తుతో కలిపి మూడు స్థానాలు తీసుకుంటుంది. అంటే మన ఆవకాయ అక్కడ 45 స్థానాల మాట. మీరు మెనూలో తెలుగులో రాసుకున్న ఆవకాయతో దీన్ని పోలిస్తే ఎప్పటికీ కలవదు.

రెండిటినీ 'డీకోడ్ యూఆర్ఐ కాంపొనెంట్' అనే ఫంక్షన్ గుండా పంపి, తెలుగులోకి తెచ్చాక పోల్చండి. పర్సెంట్ రూపంలోనే పోలిస్తే సరిపోదా అని అడగొచ్చు. సరిపోదు. అందులో వచ్చే ఇంగ్లిష్ అక్షరాలని బ్రౌజర్ పెద్దబడిలో (క్యాపిటల్స్‌లో) రాస్తుంది, వర్డ్‌ప్రెస్ లాంటి సైట్ తయారీ సాధనాలు చిన్నబడిలో రాస్తాయి. కంటికి రెండూ ఒకటే అడ్రస్, పోల్చే కోడ్‌కి మాత్రం వేరు. తెలుగులోకి తెస్తే ఆ తేడా పోతుంది. ఒక జాగ్రత్త: ఎవరైనా లింక్‌ని సగం కత్తిరించి పంపితే డీకోడ్ చేసేటప్పుడు ఎర్రర్ వచ్చి స్క్రిప్ట్ ఆగిపోతుంది. దాన్ని 'ట్రై', 'క్యాచ్' మధ్య పెట్టండి.

రెండో చిక్కు కంటికి కనబడదు. గిఫ్ట్ ప్యాక్ ట్యాబ్ ఒక్కటి ఎంతకీ వెలగలేదు. రెండు పక్కలా గిఫ్ట్-ప్యాక్ అనే ఉంది. పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూశాను, తేడా లేదు. చివరికి రెండిటి పొడవూ అడిగి చూస్తే ఒకటి 13, ఇంకొకటి 14. పొల్లు హల్లు తర్వాత కొన్ని తెలుగు కీబోర్డులు కనబడని గుర్తు ఒకటి చేర్చేస్తాయి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. హైదరాబాద్ అనే మాట పక్కన "లో" చేర్చినప్పుడు, ఆ "లో" కిందకి వత్తుగా దిగిపోకుండా ఆపేది అదే. మాట మధ్యలో దానికి పని ఉంది. మాట చివర ఉంటే మాత్రం ఉందో లేదో కూడా తెలియదు. 'ప్యాక్'లో చివరి పొల్లు తర్వాత అది కూర్చుని ఉంది. పోల్చడానికి తీసుకున్న కాపీలోంచి ఆ గుర్తుని తీసేయండి, అసలు అడ్రస్ జోలికి వెళ్లకండి.

అదే చోట యూనికోడ్ 'నార్మలైజ్' కూడా పిలవండి, ఎన్ఎఫ్‌సీ పద్ధతిలో. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వానికి ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. నార్మలైజ్ చేస్తే రెండూ ఒకటైపోతాయి.

మిగతా కడుగుడు ఏ భాష సైట్‌కైనా ఒకటే. ప్రశ్నార్థకం తర్వాత ఉన్నదంతా తీసేయండి, ఫేస్‌బుక్ లాంటివి లింకుల వెనక తగిలించే తోకలు అక్కడే ఉంటాయి. హ్యాష్ గుర్తు తర్వాతది తీసేయండి. చివర స్లాష్ ఉంటే తీసేయండి, చివర 'ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్' ఉన్నా తీసేయండి. బ్రౌజర్లో చేస్తుంటే లింక్‌లో మీరు రాసిన మాటని నేరుగా తీసుకోకండి. ఆ లింక్‌కి ఉండే 'పాత్‌నేమ్'ని అడగండి. డొమైన్ పేరుతో రాసినా, చుక్కలు స్లాషులతో రాసినా, బ్రౌజర్ దాన్ని పూర్తి దారిగా మార్చి ఇస్తుంది.

ముక్కలు ముక్కలుగా పోల్చండి

కడిగిన అడ్రస్ చేతిలో ఉంది. ఇప్పుడు చాలామంది రాసేది ఇది: "ప్రస్తుత అడ్రస్ ఈ ట్యాబ్ అడ్రస్‌తో మొదలైతే వెలిగించు." ఇందులో రెండు గుంటలు ఉన్నాయి.

హోమ్ అడ్రస్ ఒట్టి స్లాష్. ప్రతి అడ్రసూ స్లాష్‌తోనే మొదలవుతుంది. కాబట్టి హోమ్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. హోమ్‌కి మాత్రం అచ్చంగా సరిపోవాలనే నియమం పెట్టండి.

రెండోది కాంబో పేజీ. /పచ్చళ్లు-పొడులు-కాంబో అనే అడ్రస్ /పచ్చళ్లు అనే అక్షరాలతోనే మొదలవుతుంది. అంతమాత్రాన అది పచ్చళ్ల కింది పేజీ అవదు. "హిమాయత్" అని సగం విని ఆటో బయల్దేరితే హిమాయత్‌నగర్‌కీ వెళ్లొచ్చు, ఊరి బయట హిమాయత్‌సాగర్ కట్ట దగ్గరా తేలొచ్చు. పేరు పూర్తిగా వినాలి. అడ్రస్‌ని స్లాషుల దగ్గర ముక్కలు చేయండి. గోంగూర పేజీలో రెండు ముక్కలు: పచ్చళ్లు, గోంగూర. మొదటి ముక్క ట్యాబ్ ముక్కతో పూర్తిగా కలిస్తేనే వెలిగించండి. కాంబో పేజీలో ముక్క ఒకటే, పొడవుగా "పచ్చళ్లు-పొడులు-కాంబో" అని. అది పచ్చళ్లతో కలవదు, మనకి కావలసిందీ అదే.

మెనూలో లోపలి పేజీలకి కూడా ట్యాబులు ఉంటే, ఉదాహరణకి పచ్చళ్లు, పచ్చళ్లు/నిల్వ-పచ్చళ్లు రెండూ మెనూలో ఉంటే, అప్పుడు ఎక్కువ ముక్కలు కలిసినదాన్నే ఎంచుకోండి.

ఇక కాంబో పేజీ గిఫ్ట్ ప్యాక్ ట్యాబుకి చెందాలని అమ్మగారు చెప్పారు కదా, అది అడ్రస్‌లో ఎక్కడా లేదు. ఇలాంటి మినహాయింపుల కోసం చిన్న పట్టీ రాసుకోండి, ఎడమ పక్క పేజీ, కుడి పక్క ట్యాబ్. ముందు పట్టీ చూడాలి, అందులో లేకపోతేనే ముక్కల లెక్కకి వెళ్లాలి. పట్టీ పది వరసలు దాటిందంటే మాత్రం సైట్ అడ్రసులే సరిగ్గా పేర్చలేదని అర్థం. అప్పుడు అడ్రసుల్ని సర్దండి. ఒకవేళ మీ టెంప్లేట్‌లో ప్రతి పేజీ "నేను ఫలానా ట్యాబు దాన్ని" అని తనే చెప్పే వీలుంటే, ఈ పోల్చడమంతా మానేసి ఆ దారిలోనే వెళ్లండి. అంతకంటే గట్టి పద్ధతి లేదు.

గుర్తు ఎలా పెట్టాలి

సరైన లింక్ దొరికింది. దానికి ఏదో ఒక క్లాస్ తగిలించే బదులు 'ఏరియా-కరెంట్' (aria-current) అనే యాట్రిబ్యూట్ పెట్టండి. ఇది 2017లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ విడుదల చేసిన ఏరియా 1.1లో వచ్చింది. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్లు దీన్ని చదివి, "ఇది ఇప్పుడున్న పేజీ" అని వినిపిస్తాయి. క్లాస్ పేరు ఎంత చక్కగా పెట్టినా వాళ్లకి వినబడదు. చూపున్నవాళ్లకి గీత చెప్పే మాటే వాళ్లకి ఈ యాట్రిబ్యూట్ చెబుతుంది.

విలువ ఏమివ్వాలి? సరిగ్గా పచ్చళ్ల పేజీలోనే ఉంటే 'పేజ్' అని. గోంగూర పేజీలో ఉండి, పైన పచ్చళ్ల ట్యాబ్ వెలగాలంటే 'ట్రూ' అని ఇవ్వండి. పచ్చళ్ల పేజీ ఇప్పుడున్న పేజీ కాదు కదా, ఇప్పుడున్న విభాగం మాత్రమే. ఇదే యాట్రిబ్యూట్‌కి 'స్టెప్' అనే విలువ కూడా ఉంది, అడ్రస్, డబ్బు కట్టడం, పూర్తయింది అనే మెట్లు చూపేటప్పుడు అది పనికొస్తుంది. మిగతా లింకులకి 'ఫాల్స్' అని రాసుకుంటూ పోకండి, యాట్రిబ్యూట్‌నే తీసేయండి.

సీఎస్ఎస్‌లో కూడా ఈ యాట్రిబ్యూట్‌నే పట్టుకుని అందం దిద్దండి. అప్పుడు కంటికి కనిపించేదీ చెవికి వినిపించేదీ ఎప్పటికీ వేరుపడవు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు పొరబడే చోటు ఒకటి చెప్పాలి. సీఎస్ఎస్‌లో కోలన్ పెట్టి రాసే 'యాక్టివ్'కి ఇప్పుడున్న పేజీతో సంబంధం లేదు. అది వేలు నొక్కి ఉన్నంతసేపే పనిచేస్తుంది. "యాక్టివ్ అని రాశాను, ఒక్క క్షణం రంగు మారి పోతోంది సార్" అని అమీర్‌పేట్‌లో కోర్సు చేస్తున్న పిల్లలు ఎంతమంది నన్ను అడిగారో! పేరు అలా ఉంది, వాళ్లేం చేస్తారు.

గీత గీయడంలో తెలుగు సంగతులు

రంగు ఒక్కటే మార్చి ఊరుకోకండి. రంగుల తేడా తెలియనివాళ్లు ఉంటారు, ఎండలో ఫోన్ చూసేవాళ్లు ఉంటారు. అందరికీ అందుబాటులో ఉండే సైట్ల కోసం ఉన్న డబ్ల్యూసీఏజీ నియమాలు కూడా కేవలం రంగుతో విషయం చెప్పొద్దంటాయి. అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ ఉండాలని, గీతల్లాంటి వాటికి 3:1 ఉండాలని కూడా చెబుతాయి. రంగుతో పాటు కింద ఒక మందపాటి గీత ఉంటే సరిపోతుంది.

ఆ గీతని మామూలు 'అండర్‌లైన్'తో గీయకండి. ఇంగ్లిష్ అక్షరాల కింద అది బాగానే ఉంటుంది. "పచ్చళ్లు" అనే మాట చూడండి, చ కింద చ వత్తు, ళ కింద ల వత్తు. అండర్‌లైన్ వత్తుల మీదుగా వెళ్లకుండా బ్రౌజర్ మధ్యమధ్యలో తెంచేస్తుంది. చివరికి గీత ముక్కలైపోయి, ఏదో చెరిగిపోయినట్టు కనిపిస్తుంది. దాని బదులు లింక్ అడుగున ప్యాడింగ్ ఇచ్చి, 'బోర్డర్-బాటమ్' పెట్టండి. వత్తులన్నీ గీతకి పైన హాయిగా కూర్చుంటాయి. నేను 6 పిక్సెల్స్ ప్యాడింగ్, 3 పిక్సెల్స్ గీత పెడతాను. మెనూకి ఎత్తుని పిక్సెల్స్‌లో బిగించేయకండి, వత్తులు అడుగున తెగిపోతాయి.

వెలిగిన ట్యాబ్‌ని బోల్డ్ చేయాలనిపిస్తుంది. బోల్డ్ అక్షరాలు వెడల్పు ఎక్కువ కాబట్టి పేజీ మారినప్పుడల్లా పక్క ట్యాబులు అటూ ఇటూ జరుగుతాయి. నాకది నచ్చదు, గీతతోనే సరిపెడతాను. గీత వల్ల కూడా మెనూ ఎత్తు మారకుండా, మిగతా ట్యాబులన్నిటికీ అదే మందంలో, కనబడని రంగులో గీత ముందే పెట్టి ఉంచండి. వెలిగినదానికి రంగు మాత్రం మార్చండి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: విండోస్‌లో కాంట్రాస్ట్ థీమ్ వాడేవాళ్లకి కనబడని గీతలు కూడా కనబడతాయి. వాళ్ల కోసం 'ఫోర్స్‌డ్ కలర్స్' మీడియా క్వెరీలో, వెలగని ట్యాబుల గీతకి వెనక రంగే ఇవ్వండి.

ఫోన్లో

తెలుగు ట్యాబుల పేర్లు పొడవు. ఆరు ట్యాబులు ఫోన్ వెడల్పులో పట్టవు కాబట్టి అడ్డంగా జరిపే వరసగా పెడతాం. అప్పుడు "ఫోన్ చేయండి" పేజీ తెరిస్తే వెలిగిన ట్యాబ్ కుడి పక్కన ఎక్కడో కనబడకుండా ఉంటుంది. పేజీ రాగానే ఆ లింక్‌ని 'స్క్రోల్ ఇంటూ వ్యూ'తో వరస మధ్యలోకి తెచ్చుకోండి. అడ్డానికి 'సెంటర్', నిలువుకి 'నియరెస్ట్' అని ఇవ్వండి, లేకపోతే పేజీ మొత్తం ఎగిరిపడొచ్చు. మూడు గీతల గుర్తు వెనక మెనూ దాచే పద్ధతైతే వెలిగిన ట్యాబ్ మెనూ తెరిచేదాకా ఎవరికీ కనబడదు. అక్కడ పేజీ పైన విభాగం పేరు పెద్దగా రాయండి.

వర్డ్‌ప్రెస్, రియాక్ట్ వగైరా

వర్డ్‌ప్రెస్ మెనూలు ఈ పని తమంతట తామే చేస్తాయి. ఉన్న పేజీకి 'కరెంట్-మెనూ-ఐటెమ్' అనే క్లాస్, దాని పై పేజీకి 'కరెంట్-మెనూ-పేరెంట్', ఇంకా పైవాటికి 'కరెంట్-మెనూ-యాన్సెస్టర్' వస్తాయి. మీరు సీఎస్ఎస్ రాస్తే చాలు, మూడిటికీ రాయండి. రెండు చోట్ల అది తడబడుతుంది. ఒకే పేజీలోని భాగాలకి హ్యాష్‌తో కస్టమ్ లింకులు పెడితే అన్నీ ఒకేసారి వెలుగుతాయి, ఎందుకంటే హ్యాష్‌ని వదిలేసి పోలుస్తుంది. రెండోది, కస్టమ్ పోస్ట్ టైప్ పేజీలో ఉన్నప్పుడు బ్లాగ్ ట్యాబ్‌కి పేరెంట్ క్లాస్ వచ్చేయొచ్చు. మెనూ క్లాసుల ఫిల్టర్‌లో దాన్ని తీసేయాలి.

రియాక్ట్ రౌటర్లో 'నావ్‌లింక్' వాడితే క్లాసూ ఏరియా-కరెంటూ రెండూ అదే పెడుతుంది. హోమ్ అడ్రస్ ఒట్టి స్లాష్ అయితే, అచ్చంగా కలిసినప్పుడే దాన్ని వెలిగిస్తుంది. వ్యూ జేఎస్‌లో రౌటర్-లింక్‌కి రెండు క్లాసులు వస్తాయి, హోమ్‌కి 'ఎగ్జాక్ట్' ఉన్నదాన్ని వాడండి. యాంగ్యులర్‌లోనూ 'ఎగ్జాక్ట్' అనే ఆప్షన్ ఉంది. నెక్స్ట్ జేఎస్‌లో లింక్ తనంతట తాను ఏమీ చేయదు, 'యూజ్ పాత్‌నేమ్'తో అడ్రస్ తీసుకుని మీరే పోల్చాలి. పైన చెప్పిన తెలుగు కడుగుడు అక్కడా అవసరమే.

ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా, పేజీ మారకుండా అడ్రస్ మాత్రం మార్చే సైట్ మీరే రాసుకుంటే ఒకటి తెలిసి ఉండాలి. మీరు 'పుష్‌స్టేట్'తో అడ్రస్ మార్చినప్పుడు 'పాప్‌స్టేట్' మోగదు, బ్యాక్, ఫార్వర్డ్ నొక్కినప్పుడే మోగుతుంది. కాబట్టి వెలిగించే ఫంక్షన్‌ని రెండు చోట్లా పిలవాలి.

ఒకే పొడవాటి పేజీలో కిందికి జరుపుతుంటే ట్యాబులు మారాలంటే 'ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్' వాడండి, స్క్రోల్ అయిన ప్రతిసారీ లెక్కలు వేయకండి. చివరి భాగం పొట్టిగా ఉంటే అది పైదాకా రాదు కాబట్టి దాని ట్యాబ్ వెలగదు. పేజీ అడుక్కి చేరినప్పుడు చివరి ట్యాబ్‌ని వెలిగించేలా విడిగా రాయండి.

అన్నీ సరిగ్గా ఉన్నా తప్పు ట్యాబ్ వెలిగితే

క్యాష్‌ని, అంటే మళ్లీ వాడుకోవడానికి దాచి ఉంచే కాపీని అనుమానించండి. ఒక బట్టల షాపు సైట్లో వేగం కోసం హెడర్ ముక్కని మాత్రం విడిగా క్యాష్ చేశారు. క్యాష్ ఖాళీ అయ్యాక మొదట ఏ పేజీ తెరుచుకుంటే ఆ పేజీ ట్యాబే సైట్ అంతటా వెలిగేది. ఒకరోజు చీరలు, ఇంకోరోజు మా గురించి. రోజుకో రకంగా ఉండటంతో కారణం పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. పేజీ మొత్తాన్ని క్యాష్ చేస్తే ఇబ్బంది లేదు, ఒక్కో అడ్రస్‌కి ఒక్కో కాపీ ఉంటుంది. హెడర్‌ని విడిగా చేయాల్సివస్తే, ట్యాబ్ పేరుని కూడా క్యాష్ కీలో (ఆ కాపీని దాచే పేరులో) కలపండి.

అప్పగించే ముందు

మొదట రాసిన కాగితం తీయండి. ప్రతి పేజీనీ మెనూ ముట్టుకోకుండా, అడ్రస్ అతికించి నేరుగా తెరిచి చూడండి. అదే పేజీని చివర స్లాష్‌తో ఒకసారి, వెనక ఫేస్‌బుక్ తోకతో ఒకసారి తెరవండి. మూడు పేజీలు ముందుకి వెళ్లి, మూడుసార్లు బ్యాక్ నొక్కండి. ఫోన్లో టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్) ఆన్ చేసి మెనూ మీద వేలు జరిపి వినండి.

తర్వాత సైట్ చేయని మనిషికి ఫోన్ ఇచ్చి, మెనూ కింద ఉన్నదంతా చేత్తో మూసి, "ఎక్కడున్నారు?" అని అడగండి. పచ్చళ్ల సైట్‌కి ఈ పరీక్ష అమ్మగారి వదినగారితోనే చేయించాను. గోంగూర తెరిచి ఇస్తే "పచ్చళ్లలో" అన్నారు, వెంటనే. కంది పొడికి, గిఫ్ట్ ప్యాక్‌కి కూడా తడుముకోలేదు. కార్ట్ తెరిచి ఇస్తే మాత్రం ఆగిపోయారు. "ఇక్కడ ఏదీ వెలగలేదేం బాబూ? ఆ సంచీ బొమ్మ కింద గీత ఉండాలి కదా" అన్నారు. నిజమే, కార్ట్ ట్యాబ్ కాకపోయినా దాని గుర్తు పైనే ఉంది. ఆ సాయంత్రమే సంచీ బొమ్మకి కూడా ఏరియా-కరెంట్ పెట్టి, కింద అదే ఎర్ర గీత గీశాను.